కుటుంబ వ్యాపారానికి యూనివర్సిటీ కార్యక్రమం: ఎంచుకోవడం, వాడుకోవడం

రైస్‌మిల్లో, బట్టల షాపో, విత్తనాల కంపెనీయో నడుపుతున్న కుటుంబం తన పిల్లల్లో ఒకరిని యూనివర్సిటీలు, బిజినెస్ స్కూళ్లు నడిపే కుటుంబ వ్యాపార కార్యక్రమానికి పంపాలనుకున్నప్పుడు, మొదట అడిగేది అది ఎంబీఏతో సమానమా అని. ఈ ప్రశ్నతో పెద్దగా తేలేదేమీ ఉండదు. ఖర్చుల లెక్క, మార్కెటింగ్ ఎక్కడైనా నేర్చుకోవచ్చు. పెద్దాయన తరువాత పగ్గాలు ఎవరికి, వ్యాపారంలో ఉన్నవాళ్లకు జీతం ఎంత, లేనివాళ్లకు లాభంలో ఎంత అన్న మాటలు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. వాటిని ఒక పద్ధతి ప్రకారం ఎత్తించడానికే ఈ కార్యక్రమాలు పనికొస్తాయి. కాబట్టి అన్నదమ్ముల మధ్య సఖ్యత ఉన్న రోజుల్లోనే వీటిలో చేరాలి. వకీలు నోటీసులు నడిచాక ప్రొఫెసరు దగ్గరికి వెళ్లినా ప్రయోజనం ఉండదు, ఆయన మధ్యవర్తి కాడు.

ఈ కార్యక్రమాలు పలు రకాలుగా ఉంటాయి. తరువాతి తరం కోసం నడిపే దీర్ఘకాలిక కోర్సుల్లో విద్యార్థి నెలలో సుమారు వారం రోజులు క్యాంపస్‌లో ఉండి, మిగిలిన రోజులు సొంత వ్యాపారంలోనే పనిచేస్తాడు. ముంబయిలోని ఎస్‌పీజేఐఎంఆర్ (ఎస్.పి. జైన్ మేనేజ్‌మెంట్ సంస్థ), హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఇలాంటివి నడుపుతున్నాయి. ఇలాంటి బిజినెస్ స్కూళ్లు యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వకపోవచ్చు కనుక, పెళ్లి సంబంధాల కోసమో మరొక అవసరం కోసమో డిగ్రీయే కావాలనుకునేవారు ముందే అడిగి తెలుసుకోవాలి. రెండో రకం, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చునే కొద్ది రోజుల కార్యక్రమాలు. ఐఎస్‌బీలోని థామస్ ష్మిడ్‌హైనీ సెంటర్ ఫర్ ఫ్యామిలీ ఎంటర్‌ప్రైజ్ వంటి పరిశోధన కేంద్రాలు భారతీయ కుటుంబాలపై అధ్యయనాలు చేస్తుంటాయి. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఆ ప్రాంతపు వ్యాపార కుటుంబాలను సభ్యులుగా చేర్చుకుని, ఏటా కొన్నిసార్లు సమావేశపరుస్తాయి. అక్కడ హోటళ్లు, పెట్రోలు బంకులు నడుపుతున్న మనవాళ్లు వీటిని వాకబు చేయవచ్చు.

చేరే ముందు కొన్ని విషయాలు సూటిగా అడగాలి. విద్యార్థి చేసే ప్రాజెక్టు సొంత వ్యాపారం మీదేనా? తండ్రి, బాబాయి వచ్చి కూర్చోవలసిన తరగతులు ఉన్నాయా? అదే సరుకులో పోటీదారుడి కొడుకు అదే బ్యాచ్‌లో ఉంటే, మన ఖాతాల వివరాలు బయటికి పొక్కకుండా చూసే ఏర్పాటు ఏమిటి? మన స్థాయి టర్నోవరు ఉన్న పూర్వ విద్యార్థులు ఇద్దరితో మాట్లాడనిస్తారా? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలే సంస్థకు ఫీజు కట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తరగతిలో తప్పక ఎదురయ్యే పాఠం మూడు వలయాలది. 1978లో హార్వర్డ్‌లో రెనాటో టాగియూరి, జాన్ డేవిస్ రూపొందించిన ఈ పటంలో కుటుంబం, యాజమాన్యం, వ్యాపారం అనే మూడు వలయాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చి ఏడు గళ్లు ఏర్పడతాయి. దీన్ని ఇంట్లోనే గీసి చూడవచ్చు. రైస్‌మిల్లు కుటుంబాన్నే తీసుకుంటే, పెద్దాయన మూడింటి నడుమ పడతాడు. వాటా ఉండి డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న చిన్న కొడుకు కుటుంబంలోనూ యాజమాన్యంలోనూ ఉన్నాడు, వ్యాపారంలో లేడు; అతనికి కావలసింది ఏటా లాభం పంపకం. తెల్లవారుజామునే మిల్లుకు వెళ్లి ధాన్యం లారీలు దింపించే అల్లుడు కుటుంబంలోనూ వ్యాపారంలోనూ ఉన్నాడు, వాటా లేదు. ఆ లాభాన్ని రంగు మారిన బియ్యపు గింజలను ఏరేసే కొత్త సార్టెక్స్ యంత్రంలో పెట్టాలన్నది అతని పట్టు. ముప్పై ఏళ్ల నుంచి ఉన్న గుమాస్తా వ్యాపార వలయంలో మాత్రమే ఉంటాడు, అయినా బాకీలన్నీ అతని నోటి మీదే ఉంటాయి. చిన్న కొడుకు దుబారా మనిషనీ, అల్లుడు అత్యాశపరుడనీ ఇంట్లో అనుకునే మాటలకు కారణం చాలావరకు వారు నిలబడిన గడిలోనే ఉంటుందని పటం చూస్తే తెలుస్తుంది. ప్రతి ఒక్కరూ విడిగా గీసి, ఆ తరువాత కాగితాలు పక్కపక్కన పెట్టాలి. కోడలి పేరు ఎవరు ఏ గడిలో రాశారో, అసలు రాశారో లేదో ముందుగా చూడాలి.

కోర్సు నడుస్తున్నప్పుడే ఇంటి నియమావళి ముసాయిదా రాయడం మంచిది. రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ కుటుంబంలో కొడుకులతో పాటు అల్లుడూ వ్యాపారంలో ఉన్నాడు. ఆ కుటుంబం నియమావళి రాసుకున్న సంగతి అందరికీ తెలిసిందే. చిన్న కుటుంబానికి అంత పెద్ద పత్రం అక్కరలేదు. వ్యాపారంలో చేరడానికి ఏ చదువు, ఎంత బయటి అనుభవం కావాలి, జీతం ఎవరు నిర్ణయిస్తారు, వాటా అమ్ముకోదలిస్తే విలువ ఎలా కడతారు, పెద్దాయన ఏ వయసులో చెక్కు మీద సంతకం మానతాడు అన్నవి నాలుగు పేజీల్లో ఇమిడిపోతాయి. చివరిదే అన్నింటికన్నా కష్టం.

నియమావళి చట్టానికి ప్రత్యామ్నాయం కాదు కనుక, ఆ ముసాయిదాను ఆడిటరుకూ వకీలుకూ చూపించాలి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే ఒక భాగస్వామి మరణంతో ఫర్మ్ రద్దవుతుంది. తాతల నాటి డీడ్‌లో ఆ షరతు ఉందో లేదో చూసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో 1985 నుంచే సమాన హక్కు వచ్చింది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణ దాన్ని కూతుళ్లందరికీ వర్తింపజేసింది, ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మిల్లు స్థలం ఉమ్మడి ఆస్తి అయితే, ఆడపిల్లలను పిలవకుండా రాసుకున్న నియమావళి ముందు ముందు వివాదానికి దారితీయవచ్చు. మొదటి సమావేశానికే వారికి కబురు పంపాలి.