కాట్పాడి స్టేషను దగ్గర వంటగది ఉన్న గది ఎలా చూసుకోవాలి

“కిచెన్ ఉందాండీ?” అని ఫోన్లో అడిగితే “ఉంది మేడమ్, ఫుల్ కిచెన్” అన్నాడు లాడ్జివాడు. తీరా వెళ్ళి చూస్తే బాత్రూమ్ తలుపు పక్కన రెండడుగుల నల్లరాయి గట్టు. సింకు లేదు, కుళాయి లేదు, కిటికీ లేదు. గిన్నెలు తోమాలంటే బాత్రూములోకే వెళ్ళాలి. ఆపరేషనై పది రోజులు కూడా నిండని మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, సామాను గుమ్మంలో పెట్టుకుని ఉన్నప్పుడు “వద్దులెండి, ఇంకోటి చూసుకుంటాం” అనే ఓపిక ఎవరికుంటుంది? అడ్వాన్సు కట్టేశాను. నాలుగు రోజులు అవస్థపడి మారాం. మారిన గదిలో ముప్ఫై ఎనిమిది రోజులున్నాం. వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రికి వెళ్ళే మా ఊరివాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇలా రాస్తున్నాను.

ముందు మీ అపాయింట్‌మెంట్ చీటీ తీసి చూడండి. వేలూరు ఊళ్ళో ఉన్న పాత క్యాంపస్సా, చెన్నై-బెంగుళూరు హైవే మీద ఉన్న రాణిపేట క్యాంపస్సా? అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒకచోట లేవు. ఇది చూసుకోకుండా గది మాట్లాడుకుని, రోజూ ఆటోలకి పోసినవాళ్ళని చూశాను.

మాది పాత క్యాంపస్. కాట్పాడి నుంచి పాలారు వంతెన దాటి ఆరేడు కిలోమీటర్లు. పాలారు అని పేరేగానీ మేమున్నన్నాళ్ళూ ఇసకే. మరి ఆస్పత్రి అక్కడ ఉంటే స్టేషను దగ్గర గది ఎందుకూ అంటారా? వారంలో ఎన్నిసార్లు ఆస్పత్రికి వెళ్ళాలో లెక్కేసుకోండి. పరీక్షలన్నాళ్ళూ, ఆపరేషనప్పుడూ ఆస్పత్రి ఎదుటి సందుల్లోనే ఉండాలి, అది వంటగది లేని గదైనా సరే. డిశ్చార్జి అయ్యాక మమ్మల్ని వారానికి రెండుసార్లు రమ్మన్నారు. మా అబ్బాయి బెంగుళూరులో పని చేస్తాడు. శనివారం రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో కాట్పాడిలో దిగుతాడు. మాకు తాడేపల్లిగూడెం నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో మారకుండా ఇక్కడికే వస్తుంది. అందుకని రెండో మజిలీకి స్టేషను వైపే బాగుంది. వారానికి నాలుగైదుసార్లు వెళ్ళాల్సిన వాళ్ళు మాత్రం ఈ వైపు రావద్దు. అద్దెలో మిగిలింది ఆటోలో పోతుంది, పేషెంటుకి కుదుపులు అదనం.

“స్టేషనుకి ఐదు నిమిషాలు” అంటే ఆటోలో ఐదు నిమిషాలు. నడిచి చూడండి. అలాగని మరీ పట్టాల పక్కన తీసుకోకండి. కాట్పాడి జంక్షను, రాత్రంతా బండ్లే. మూడో వారానికి “పయణిగళిన్ కనివాన కవనత్తిర్కు” అనే తమిళం అనౌన్స్‌మెంట్ నాకు కంఠతా వచ్చేసింది, ఆ తర్వాత మాటల్లో బండి పేరు తప్ప ఒక్క ముక్క తెలియకపోయినా. రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది అడిగితే చాలావరకు నయం.

ఇక వంటగది సంగతి. ఫోన్లో “కిచెన్ ఉందా” అని అడగొద్దు. గట్టు మీద కుళాయి, సింకు ఉన్నాయా? వంట చేసే చోటుకీ మంచానికీ మధ్య గోడ ఉందా? కిటికీ బయటికి తెరుచుకుంటుందా, వరండాలోకా? గ్యాస్ మీరిస్తారా, మమ్మల్ని తెచ్చుకోమంటారా, ఇస్తే డబ్బు విడిగానా? ఇలా విడగొట్టి అడగండి, ఆ తర్వాత వాట్సాప్‌లో వీడియో పంపమనండి. ఫొటోలు నమ్మొద్దు. నాకు పంపిన ఫొటోలో ఉన్న వంటగది ఆ లాడ్జిలో ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

వెళ్ళాక డబ్బు కట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. గట్టు మీద అగరొత్తి వెలిగించి, వెళ్ళి మంచం మీద కూర్చోండి. పొగ కిటికీలోంచి పోతోందా, మీ దగ్గరికొస్తోందా? కుట్లు పచ్చిగా ఉన్న మనిషికి పోపు ఘాటు తగిలి దగ్గొచ్చిందంటే ఎలా ఉంటుందో మొదటి గదిలో చూశాను. ఎండుమిరపకాయ చిటపటమనగానే మా ఆయన దిండు పొట్టకి అదుముకుని, కళ్ళు మూసుకుని, దగ్గు ఆపుకోవడానికి చూసేవారు. ఆ నాలుగు రోజులూ పోపు లేని చారే. రెండో గది ఓనరు నా అగరొత్తి చూసి పూజ చేస్తున్నాననుకుని పాపం చెప్పులు విప్పి నించున్నాడు.

తర్వాత నీళ్ళు. గదిలో కుళాయి నీళ్ళు బోరువే, ఉప్పగా ఉంటాయి. మొదటిరోజు కందిపప్పు మూడు కూతలకి ఉడకలేదు, ఐదుకీ ఉడకలేదు. ఏడు కూతలయ్యాక మూత తీస్తే గింజ గింజగా, కడిగి పోసినట్టే ఉంది. పప్పు పాతదనుకుని కొట్టువాడిని తిట్టుకున్నాను. తప్పు పప్పుది కాదు, నీళ్ళది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళతో పెడితే అదే పప్పు మూడు కూతలకి వెన్నలా మెదిగింది. అప్పట్నుంచీ కడగడానికి బోరు నీళ్ళు, ఉడకడానికి క్యాను నీళ్ళు. కాబట్టి గది చూసేటప్పుడు సబ్బుతో చేతులు కడిగి చూడండి. నురగ రాకపోతే వంటకి కూడా క్యాన్లే కొనాలని లెక్కలో వేసుకోండి. క్యాను పై అంతస్తుకి తెచ్చిస్తారా, కింద పెట్టి వెళ్ళిపోతారా అన్నది కూడా అడగాలి. మోటారు ఏ వేళకి వేస్తారో తెలుసుకోండి. మాకు పొద్దున ఆరింటికీ సాయంత్రం ఐదింటికీ వేసేవారు. మధ్యలో ట్యాంకు ఖాళీ అయితే అంతే.

పొయ్యి విషయంలో ఒక్కమాట. రైల్లో గ్యాస్ సిలిండరు, కిరోసిను స్టవ్ తీసుకెళ్ళకూడదు. చిన్న సిలిండరేగా అని సంచీలో పెట్టేవాళ్ళున్నారు, ఆ పని మానుకోండి. నేను ఇండక్షన్ స్టవ్ తీసుకెళ్ళాను. దానికి పెద్ద ప్లగ్గు, అంటే పదహారు ఆంపియర్లది, గట్టు దగ్గరే ఉండాలి. చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది, 230 వోల్టుల మీద 1380 వాట్లకి మించి లాగదు. రెండువేల వాట్ల స్టవ్ దానికి తగిలిస్తే ఫ్యూజు పోతుంది, లేదా ప్లగ్గే మాడుతుంది. మామూలు అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద పనిచేయదు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బొమ్మ ఉంటుంది కదా, అది గిన్నె అడుగున అంటుకుంటేనే పెట్టెలో సర్దండి. ఇంటినుంచి మూడు లీటర్ల కుక్కరు, ఒక బాండీ, పోపుడబ్బా, చాకు, రెండు పళ్ళేలు, ఒక గ్యాస్కెట్ అదనంగా. మిగతావన్నీ అక్కడ దొరుకుతాయి.

కరెంటు బిల్లు అద్దెలో కలిసి ఉందా, మీటరు విడిగా ఉందా అడగండి. మీటరుంటే తాళం చేతికిచ్చే ముందే అంకె ఫొటో తీసుకోండి, ఓనరు చూస్తుండగానే. మొహమాటపడొద్దు. మొదటి లాడ్జిలో నాలుగు రోజులకి వేసిన యూనిట్లు చూస్తే మా ఇంట్లో నెలకి వచ్చేటన్ని ఉన్నాయి.

అద్దె రోజు లెక్కనా, నెల లెక్కనా అన్నది తొందరపడి తేల్చుకోకండి. డాక్టరు “మళ్ళీ పదిహేను రోజులాగి రండి” అంటారో, “రేపు ఇంటికెళ్ళిపోవచ్చు” అంటారో ముందు తెలియదు. మేం మొదటి వారం రోజు లెక్కన కట్టి, ఉండటం ఖాయమయ్యాక నెలకి మాట్లాడుకున్నాం. ముందే వెళ్ళిపోతే మిగిలిన రోజుల డబ్బు తిరిగిస్తారా అని అడిగి, రసీదు మీద రాయించుకున్నాను. రైలు పొద్దున్నే దిగేవాళ్ళు చెకవుట్ ఇరవైనాలుగు గంటలదా, పన్నెండింటిదా అడగాలి. పన్నెండింటిదైతే ఆ ఆరేడు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది.

లిఫ్టు ఉందన్నా, కరెంటు పోతే నడుస్తుందా అన్నది చూడాలి. లేకపోతే మొదటి అంతస్తు దాటి తీసుకోవద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఫ్రిజ్ గదిలోనే ఉందో, కింద ఆఫీసులో ఉందో కనుక్కోండి.

బియ్యం మటుకు ఇంటినుంచే పది కిలోలు పట్టుకెళ్ళండి. కొట్లో ఊరికే “అరిసి” (తమిళంలో బియ్యం) అని అడిగితే ఉప్పుడు బియ్యం కట్టేస్తారు, అలవాటు లేనివాళ్ళకి గొంతు దిగదు. అయిపోతే “పచ్చరిసి”, అంటే పచ్చి బియ్యం, అని అడగాలి. కూరలకి కాట్పాడిలో ఉన్న కొట్లు చాలు, ఆస్పత్రికి వెళ్ళిన రోజు నేతాజీ మార్కెట్లో తెచ్చుకుంటే చవక. తెలుగు తెలిసినవాళ్ళు ప్రతి వీధిలో ఒకరైనా తగులుతారు, చిత్తూరు పక్కనే కదా.

ఖాళీ చేసేటప్పుడు టిక్కెట్టు కన్‌ఫర్మ్ అయ్యాకే ఓనరుకి చెప్పండి. వెయిటింగ్ లిస్టు నమ్ముకుని ముందే చెప్పేస్తే ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. మేం వచ్చేసేరోజు బియ్యం డబ్బా, చీపురు, తోమే పీచు, సగం వాడిన క్యాను పక్కగదిలో అప్పుడే దిగిన శ్రీకాకుళం వాళ్ళకిచ్చాం. ఆవిడ చేతిలో కుక్కరు పట్టుకునే తలుపు తీసింది. “ఆరు కూతలేయించినా పప్పు ఉడకట్లేదమ్మా” అంది.