కెర్నల్ క్రాస్ కంపైల్: ఎర్రర్ ల్యాప్‌టాప్‌దా, బోర్డుదా?

ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ల్యాప్‌టాప్ మీద, వేరే రకం ప్రాసెసర్లైన ఆర్మ్64కో రిస్క్-వీకో చెందిన బోర్డు కోసం లినక్స్ కెర్నల్ కంపైల్ చేస్తుంటే (దీన్నే క్రాస్ కంపైల్ అంటారు) ఒకే బిల్డ్‌లో రెండు కంపైలర్లు నడుస్తాయి. క్రాస్ కంపైలర్ బోర్డుకు కావలసిన కోడ్ తయారుచేస్తుంది. ల్యాప్‌టాప్ సొంత సీ కంపైలరైన మామూలు జీసీసీ మాత్రం ఫిక్స్‌డెప్, మోడ్‌పోస్ట్, డీటీసీ లాంటి సహాయక ప్రోగ్రాములను ల్యాప్‌టాప్ కోసమే కంపైల్ చేస్తుంది, ఎందుకంటే బిల్డ్ మధ్యలో అవి ఇక్కడే నడవాలి. ఏ ఎర్రర్ వచ్చినా అది ఈ రెండింటిలో దేనిదో ముందు తేల్చుకోండి.

కింది కమాండ్లు పలికినట్టు రాసినవి. టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఆర్చ్ (బోర్డు ప్రాసెసర్ రకం), క్రాస్_కంపైల్ (క్రాస్ కంపైలర్ పేరులోని ముందు భాగం) లాంటి వేరియబుల్స్ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

సమస్య: "-ఎంలిటిల్-ఎండియన్ అనే ఆప్షన్ తెలియదు"

ఆర్చ్=ఆర్మ్64 ఇచ్చి క్రాస్_కంపైల్ మరిచారు. ఆర్మ్ ఆప్షన్లు ఎక్స్86 జీసీసీకి వెళ్లాయి. తిరగేసి జరిగితే, అంటే ఆర్చ్ మరిస్తే, ఆర్మ్ కంపైలర్ "-ఎం64 తెలియదు" అంటుంది. రెండూ ఒకే లైనులో ఇవ్వాలి:

మేక్ ఆర్చ్=ఆర్మ్64 క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లినక్స్-గ్ను- ఇమేజ్ మాడ్యూల్స్ డీటీబీస్

చివరి గీత తీసేయకండి. కెర్నల్ దాని పక్కనే "జీసీసీ" అని అతికిస్తుంది. గీత లేకపోతే ఆ పేరుతో ప్రోగ్రామే దొరకదు. కెర్నల్ సెట్టింగులను .కాన్ఫిగ్ ఫైల్లో రాసే డెఫ్‌కాన్ఫిగ్, మెనూకాన్ఫిగ్‌లకూ ఆర్చ్ తప్పనిసరి. అది లేకుండా ఒక్కసారి మెనూకాన్ఫిగ్ తెరిచి సేవ్ చేసినా .కాన్ఫిగ్ ఫైలు చప్పుడు లేకుండా ఎక్స్86ది అయిపోతుంది. మేక్ కొట్టగానే వరసగా ప్రశ్నలు మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

సమస్య: మాడ్యూల్స్ (కెర్నల్ విడిగా లోడ్ చేసుకునే భాగాలు) బోర్డు మెమరీ కార్డులోకి కాక ల్యాప్‌టాప్‌లోకి వెళ్లాయి

ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్స్‌ను సుడో మామూలుగా తనతో తీసుకెళ్లదు. మాడ్యూల్స్ ఎక్కడ పెట్టాలో చెప్పే ఇన్‌స్టాల్_మాడ్_పాత్ అందకపోతే అన్నీ ల్యాప్‌టాప్ సొంత /లిబ్/మాడ్యూల్స్‌లో పడతాయి. సుడో మేక్ తర్వాత ఆర్చ్, క్రాస్_కంపైల్, ఇన్‌స్టాల్_మాడ్_పాత్ మూడూ రాసి, ఆ వెనక మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ ఇవ్వండి. తప్పుగా పడ్డ డైరెక్టరీని తుడిచే ముందు యూనేమ్ -ఆర్ చూసుకోండి, నడుస్తున్న కెర్నల్ మాడ్యూల్స్‌ను పోగొట్టుకోకూడదు కదా.

సమస్య: బిల్డ్ మధ్యలో "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్"

స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని సహాయక ప్రోగ్రాము వేరే ప్రాసెసర్‌ది. ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసిన సోర్స్‌ను బోర్డు మీదికి కాపీ చేసి అక్కడ మాడ్యూల్ కట్టబోతే ఇదే వస్తుంది. మేక్ క్లీన్ వీటిని తీయదు, మేక్ ఎంఆర్‌ప్రాపర్ తీస్తుంది. అయితే అది .కాన్ఫిగ్‌నూ తుడిచేస్తుంది, ముందే కాపీ దాచుకోండి. ఒక్కో ఆర్కిటెక్చర్‌కు ఓ=../బిల్డ్-ఆర్మ్64 అని వేరే డైరెక్టరీ ఇస్తే ఈ గొడవ మళ్లీ రాదు.

సమస్య: పాత కెర్నల్‌లో "వైవైలాక్‌కు ఒకటికి మించి నిర్వచనాలు"

ఇది ల్యాప్‌టాప్ వైపు ఎర్రర్, క్రాస్ టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు ప్రోగ్రాముల సెట్) మార్చి లాభం లేదు. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి -ఎఫ్‌నో-కామన్ డిఫాల్ట్ అయింది, అంటే ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను రెండు ఫైళ్లలో నిర్వచిస్తే ఎర్రరే. స్క్రిప్ట్స్/డీటీసీలోని లెక్సర్ ఫైల్లో ఆ వేరియబుల్ ముందు ఎక్స్‌టర్న్ చేర్చండి.

సమస్య: రిస్క్-వీలో "జెడ్‌ఐసీఎస్ఆర్ ఎక్స్‌టెన్షన్ కావాలి"

బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ల ప్యాకేజీ) 2.38 నుంచి సీఎస్ఆర్, ఫెన్స్.ఐ ఆదేశాలు మూల సెట్‌లో భాగం కావు, విడి ఎక్స్‌టెన్షన్లు. పాత కెర్నల్‌కు ఆ సంగతి తెలియదు. అదే సిరీస్‌లో తాజా స్టేబుల్ విడుదల తీసుకోండి.

సమస్య: కెర్నల్ లేచింది, రూట్ ఫైల్‌సిస్టమ్ దగ్గర పానిక్ (కెర్నల్ ఆగిపోవడం)

పానిక్ లైనులోని అంకెలే కారణం చెబుతాయి. అన్‌నోన్-బ్లాక్(0,0) అంటే కెర్నల్ బూట్ ఆప్షన్లలోని రూట్= లో ఇచ్చిన డివైస్ దొరకలేదు. పైన కెర్నల్ అచ్చువేసిన పార్టిషన్ల జాబితా చూడండి. మీ పార్టిషన్ అందులో ఉంటే రూట్= పేరు తప్పు. జాబితా ఖాళీగా ఉంటే డ్రైవర్ లేదు, లేదా కార్డు ఇంకా సిద్ధం కాలేదు, రూట్‌వెయిట్ చేర్చండి. చేర్చాక ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతే డ్రైవర్ లేనట్టే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్‌లో ముందుగా మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) వాడనప్పుడు ఎంఎంసీ కంట్రోలర్, ఎంఎంసీ బ్లాక్, ఎక్స్‌ట్4 మూడూ "వై"గా (కెర్నల్‌లోనే కలిపి) ఉండాలి, "ఎం" (విడి మాడ్యూల్) పనికిరాదు. అన్‌నోన్-బ్లాక్(179,2) అయితే కార్డు రెండో పార్టిషన్ దొరికింది, లోపం ఫైల్‌సిస్టమ్‌లో.

రూట్ మౌంట్ అయ్యాక కెర్నల్ నడిపే మొదటి ప్రోగ్రాము ఇనిట్ విఫలమైతే పక్కనున్న ఎర్రర్ సంఖ్య చదవండి. -8 అయితే ఆ ఫైలు వేరే ప్రాసెసర్‌ది, లేదా కాంపాట్ (32 బిట్ ప్రోగ్రాములను నడిపే సదుపాయం) ఆఫ్ చేసిన 64 బిట్ కెర్నల్ మీద 32 బిట్ ప్రోగ్రాము. రీడ్‌ఎల్ఫ్ -హెచ్ ఇచ్చి మెషీన్ లైను చూస్తే తెలుస్తుంది. -2 అంటే ఫైలు లేదు. ఫైలు కళ్లెదుట ఉన్నా -2 వస్తోందా? అయితే లేనిది దాని డైనమిక్ లోడర్, అంటే ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను లోడ్ చేసేది. ఆర్మ్64లో అది /లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఏఆర్చ్64.ఎస్ఓ.1. లోడర్‌నూ సీ లైబ్రరీ లిబ్‌సీనీ కాపీ చేయండి, లేదా మామూలు కమాండ్లన్నీ ఒకే ప్రోగ్రాములో ఉండే బిజీబాక్స్‌ను స్టాటిక్‌గా (లైబ్రరీలు లోపలే కలిపి) కట్టండి. మొదటి బూట్‌కు మేం స్టాటిక్‌కే ఓటేస్తాం.

సమస్య: "జీలిబ్‌సీ_2.34 దొరకలేదు"

ప్రోగ్రాము సరైన ప్రాసెసర్‌దే, కానీ టూల్‌చెయిన్‌తో వచ్చిన జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) బోర్డులోని దానికన్నా కొత్తది. 2.34లో, ప్రోగ్రామును మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర పడింది, అందుకే ఖాళీ మెయిన్ ఉన్న ప్రోగ్రాము కూడా ఆగిపోతుంది. బోర్డు రూట్ ఫైల్‌సిస్టమ్ నకలును --సిస్‌రూట్‌గా ఇచ్చి మళ్లీ కంపైల్ చేయండి.

సమస్య: "ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్"

డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్) మాడ్యూల్‌దీ కెర్నల్‌దీ అని రెండు వర్షన్ మ్యాజిక్ వరసలు పక్కపక్కనే కనిపిస్తాయి, అక్షరం అక్షరం పోల్చండి. చాలాసార్లు తేడా కెర్నల్ వెర్షన్ పేరు చివరన ఒక ప్లస్ గుర్తు మాత్రమే. గిట్ సోర్స్ ట్యాగ్ దగ్గర లేకపోతే కెర్నల్ దాన్ని తగిలిస్తుంది. మేక్ లైనులో లోకల్‌వర్షన్= అని ఖాళీగా ఇస్తే ఆ ప్లస్ రాదు. మేక్ కెర్నల్‌రిలీజ్ ఇచ్చే పేరు, బోర్డు మీద యూనేమ్ -ఆర్ చూపే పేరు ఒకటయ్యాకే మాడ్యూల్ కట్టండి.