శ్రీకృష్ణుడు నిజంగానే నిద్రపోయాడు: స్కూల్ నాటకంలో సమస్యలు, వాటికి మందులు

వార్షికోత్సవంలో నాటకం చెడిపోతే అందరూ పిల్లల్నే అంటారు. "వాడికి డైలాగులు రాలేదండీ" అని ఒక మాట అనేస్తే సరిపోతుంది కదా. హైస్కూల్లో తెలుగు చెబుతూ, ఏటా ఒక నాటకం వేయిస్తూ నేను గమనించింది వేరు. తప్పు స్టేజీ మీద కనిపిస్తుంది గానీ, దాని మూలం చాలాసార్లు తెర వెనకాలో, స్క్రిప్టులోనో, హెడ్మాస్టరు గారి టేబుల్ మీదున్న ప్రోగ్రాం కాగితంలోనో ఉంటుంది.

ఇరవై నిమిషాల నాటకం ఏడు నిమిషాల్లో అయిపోయింది

ఒకసారి మా భటుడు రెండో సీన్లోంచి సరాసరి అయిదో సీన్లోకి దూకాడు. వాడి వెనకే మంత్రి, మంత్రి వెనకే రాజు. రాకుమారి స్వయంవరం జరగకుండానే పెళ్ళయిపోయింది. వరమాల పట్టుకుని వింగులో నిలబడ్డ పిల్ల ఏడుపు మొదలెట్టింది.

వాణ్ని తిట్టి లాభం లేదు. రెండు సీన్లలోనూ రాజుగారు "ఎవరక్కడ?" అనే పిలుస్తాడు. భటుడు డైలాగుని కథతో కాకుండా, దానికి ముందు వినిపించే మాటతో గుర్తు పెట్టుకుంటాడు. ఆ మాట ఒకటే అయితే, వాడి నోటికి రెండిట్లో ఏది ముందొస్తే అదే వస్తుంది.

అందుకని స్క్రిప్టు చేతికి రాగానే ఒకే రకంగా పిలిచే చోట్లన్నీ ఎర్రపెన్నుతో గీయండి. ఒకచోట "ఎవరక్కడ?" ఉంటే, రెండోచోట "భటుడా, గంట కొట్టు" అని మార్చండి. రెండోది, బండి పట్టాలు తప్పితే వెనక్కి లాగే మాట ఒకటి రాజుకి నేర్పండి: "అది తర్వాత చెబుదువు గానీ, ముందు రాకుమారిని పిలువు." మూడు రిహార్సల్స్‌లో కావాలనే భటుడితో తప్పు చెప్పించి, రాజుతో సరిదిద్దించాలి. తప్పుని కూడా ప్రాక్టీసు చేయించడం చాలామందికి తోచదు.

డైలాగు అందించే టీచరు గొంతే ఎక్కువగా వినిపిస్తోంది

టీచరు మైకు పక్కన కూర్చున్నారు, అంతే. వింగులో మైకుకి దూరంగా, పిల్లలకి మొహం కనిపించేలా కూర్చోవాలి. వాక్యమంతా అందించకూడదు, మొదటి రెండు మాటలు చాలు. రాజు కోపంతో కాసేపు మాట్లాడకుండా నిలబడే చోట కూడా "మరచిపోయాడు" అనుకుని అందించేసే టీచర్లు ఉన్నారు. అలాంటి చోట స్క్రిప్టులో "ఆగాలి" అని పెద్దక్షరాలతో రాసి పెట్టండి.

మైకు కుయ్‌మని కూస్తోంది, పిల్లల మాట మాత్రం వినపడదు

స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో దూరి, మళ్ళీ స్పీకర్లోంచి బయటికొస్తూ గిరగిరా తిరుగుతుంది. ఆ కూత అదే. షామియానా అబ్బాయి తన సౌకర్యం కొద్దీ స్పీకర్లని స్టేజీ వెనక మూలల్లో పెడతాడు. వాటిని మైకుల కంటే ముందుకి, జనం వైపు తిప్పి పెట్టించండి. సౌండు తగ్గించమంటే అతను ఒప్పుకోడు గానీ, బాక్సు జరపమంటే జరుపుతాడు.

వినపడకపోవడానికి మాత్రం మైకుతో సంబంధం లేదు. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుతున్నప్పుడు పూర్తిగా ఆ పక్కకి తిరిగిపోతారు, జనానికి జడ మాత్రమే కనిపిస్తుంది. రిహార్సల్‌లో ఆయమ్మని గ్రౌండ్ చివర నిలబెట్టి, వినపడకపోతే చెయ్యెత్తమనండి. మేం వందసార్లు "గట్టిగా!" అని అరిచినా రాని గొంతు, ఆయమ్మ చెయ్యెత్తితే వచ్చింది.

మీసం ఊడింది

చెమట. దానికి తోడు వాళ్ళమ్మ పొద్దున్నే జిడ్డోడేలా పట్టించిన కొబ్బరినూనె. మొహం శుభ్రంగా తుడిచి, పౌడరు అద్ది, కాటుక పెన్సిల్‌తో మీసం గీసేయండి. పిల్లలకి అతికించే మీసం అక్కర్లేదు. చిటికెలో అతుక్కునే జిగురు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు, మీసంతో పాటు చర్మం కూడా ఊడుతుంది.

తెర పడదు

తాడు ముడిపడింది. ఏటా పడుతుంది. నేను దాన్ని బాగు చేయించడం మానేశాను. మన వీధి భాగవతాల్లో తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న గుడ్డే. కూచిపూడి వాళ్ళ భామాకలాపంలో సత్యభామ అలాంటి తెర మీదుగానే తన జడ వేసి ప్రవేశిస్తుంది. ఒక పట్టుచీర, ఇద్దరు పొడుగు పిల్లలు ఉంటే చాలు. ఆ ఇద్దరికీ వేషం దొరికినట్టూ ఉంటుంది.

చెట్లు అమ్మకి టాటా చెబుతున్నాయి

ఇది అసలైన తలనొప్పి. పదకొండు పాత్రలు, ముప్ఫైనాలుగు మంది పిల్లలు. "మా బాబుకి వేషం లేదా సార్?" అన్న మాట పడలేక మిగిలినవాళ్ళందరినీ చెట్లు చేస్తాం. ఆకులు కట్టుకుని అరగంట ఊరికే నిలబడమంటే ఏ పిల్లాడు నిలబడతాడు? ముందు చెయ్యి ఊపుతాడు, తర్వాత పక్క చెట్టుని గిల్లుతాడు. క్రమశిక్షణ లేక కాదు, పని లేక.

నాకు దీనికి మందు బుర్రకథలో దొరికింది. తంబురా పట్టుకున్న కథకుడికి ఇటూ అటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు లోకం సంగతులెత్తి ప్రశ్నలు వేస్తారు, ఇంకొకరు హాస్యం పలికిస్తారు. కథకుడు ఊపిరి పీల్చుకునే ప్రతిచోటా "తందాన తాన" అందుకుంటారు. షేక్ నాజర్ కథ చెబుతుంటే ఊళ్ళకి ఊళ్ళు కదలకుండా కూర్చున్నాయంటే, అందులో వంతల పాలు కూడా ఉంది. చెట్లన్నిటినీ రెండు గుంపుల వంతలుగా మార్చాను. రాజు ఒక మాట అంటే ఒక గుంపు "ఔరా!" అంటుంది, రెండో గుంపు "నిజమేనా?" అంటుంది. ఎవరైనా డైలాగు మరచిపోతే "ఏమిటీ, రాజుగారు ఆలోచనలో పడ్డారు!" అని హాస్యపు గుంపు అందుకోవాలి. ఈ లోపు రాజుకి డైలాగు గుర్తొస్తుంది. జనం అదంతా స్క్రిప్టులోనే ఉందనుకుంటారు.

శ్రీకృష్ణుడు లేవడం లేదు

తిరుపతి వెంకట కవుల నాటకాల పుణ్యమా అని పడకసీను తెలియని తెలుగువాళ్ళు తక్కువ. కృష్ణుడు నిద్రపోతున్నట్టు నటిస్తుంటాడు, దుర్యోధనుడు తల దగ్గర కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ళ దగ్గర. మేం ఆ సీనుని పద్యాలు తగ్గించి వేశాం. సాయంత్రం ఐదింటికే ఏడో తరగతి కృష్ణుడికి కిరీటం పెట్టి, పంచెకి పద్నాలుగు పిన్నీసులు గుచ్చాం. ముఖ్య అతిథి ఎనిమిదింటికి వచ్చారు. ఉపన్యాసాలు, శాలువాలు, బహుమతులు. తెర లేచేసరికి పదింపావు. కృష్ణుడు మంచమెక్కి కళ్ళు మూశాడు, మళ్ళీ తెరవలేదు. వంతలు "ఔరా!" అని గోల చేసినా కదల్లేదు.

దుర్యోధనుడు నావైపు చూశాడు. నేను ఏం అందించను? చివరికి వాడే గద కింద పెట్టి అన్నాడు: "అర్జునా, కాళ్ళు నీ వైపే ఉన్నాయి. నువ్వే లేపు."

ఆ రాత్రి పడ్డన్ని చప్పట్లు మా నాటకానికి మళ్ళీ పడలేదు.

కారణం వేరే చెప్పక్కర్లేదు. అప్పట్నుంచి నాటకం ప్రార్థనా గీతం తర్వాత రెండో అంశంగా ఉంటేనే వేయిస్తానని ముందే చెబుతున్నాను. ఆరింటికి వేషగాళ్ళందరికీ ఇడ్లీ, ఆ తర్వాత బాత్రూం, ఆ తర్వాతే పిన్నీసులు. ఈ వరస మారితే వచ్చే సమస్య ఏమిటో మీరే ఊహించుకోండి, దానికి స్టేజీ మీద పరిష్కారం లేదు. ఇక పడకసీను వేసినప్పుడల్లా అర్జునుడి వేషగాడికి ఒక అదనపు పని అప్పగిస్తున్నాను: మూడు లెక్కపెట్టేలోగా కృష్ణుడు కళ్ళు తెరవకపోతే, అరికాలిలో చక్కిలిగిలి పెట్టాలి.