బైబిల్ పేర్లను విడదీసి చదవడం ఎలా

ముందు పేరు చివర చూడండి. 'ఏలు' అని ముగిస్తే అది చాలాసార్లు హీబ్రూలో దేవుడు అనే మాట: దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి, ఇష్మాయేలు అంటే దేవుడు వింటాడు. చివర 'యా' గానీ మొదట్లో 'యో', 'యెహో' గానీ ఉంటే అది యెహోవా పేరు కురచగా.

ఇప్పుడు మిగిలిన ముక్క పట్టుకోండి. 'నాతాన్' అంటే ఇచ్చాడు. దాన్ని ముందు పెడితే నతనయేలు, వెనక పెడితే యోనాతాను, రెండిటికీ అర్థం దాదాపు ఒకటే, దేవుడు ఇచ్చాడు అన్నమాట. హనన్యా, యోహాను కూడా ఇలా తిరగేసిన జంటే, అందులో ఉన్నది కనికరం.

కానీ తొందరపడకండి, నేనూ మొదట్లో రాహేలులో దేవుణ్ణి వెతికాను, తీరా చూస్తే ఆ మాటకి అర్థం ఆడగొర్రె! హేబెలు అంటే ఊపిరి, ఆవిరి లాంటిది, యోనా అంటే పావురం. తెలుగు లిపిలో హీబ్రూ అక్షరాల తేడాలు కలిసిపోతాయి కాబట్టి అనుమానం వస్తే హీబ్రూ నిఘంటువులో అసలు స్పెల్లింగ్ చూడాల్సిందే.

ఇంకొకటి, బైబిలే చెప్పే కారణం ఒక్కోసారి మాటల ఆట. నిర్గమకాండము 2:10లో నీటిలోంచి తీశాను కాబట్టి మోషే అని ఉంటుంది, హీబ్రూలో 'మాషా' అంటే బయటికి లాగడం. చాలామంది పండితులు మాత్రం అది బిడ్డ అనే ఈజిప్టు మాట అంటారు, ఫరో కూతురు పెట్టిన పేరు కాబట్టి నాకూ అదే సబబనిపిస్తుంది.