దసరా రాత్రి ఎనిమిది మందికి, రెండు పొయ్యిల మీద

మాది హైదరాబాద్ నల్లకుంటలో మూడో అంతస్తు ఫ్లాట్. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఫ్రిజ్ తలుపు తీయలేడు. స్టవ్‌కి రెండే పొయ్యిలు. మా ఇంటామె నర్సు, దసరా రోజు నైట్ డ్యూటీ పడని ఏడాది నాకు గుర్తు లేదు. అందుకే ఆరేళ్లుగా ఆ రాత్రి వంట నాదే. తినేది ఎనిమిది మందిమి: అమ్మ, అక్క, బావ, వాళ్ల పిల్లలిద్దరు, మా బిడ్డ, పక్క ఫ్లాట్ సార్, నేను. సార్ రిటైరైన లెక్కల మాస్టారు. మాంసం ముట్టరు.

మొదటి ఏడాది షోకుకు పోయి బిర్యానీ దమ్ పెట్టాను. అడుగు మాడింది, పైన ముక్క ఉడకలేదు, మధ్యలో ఏం జరిగిందో నాకే తెలియదు. రాత్రి పదిన్నరకు అందరికీ ఉప్మా చేసి పెట్టాను. బావ ఇప్పటికీ ఫోన్ చేసి "ఏం బామ్మర్దీ, ఈసారి కూడా ఉప్మానేనా" అంటాడు.

కాబట్టి నా మొదటి సలహా, ఇంటికి చుట్టాలొచ్చిన రోజు బిర్యానీ జోలికి పోకండి. ఈ ఊళ్లో అది ఏ గల్లీలోనైనా దొరుకుతుంది. దమ్ మూత తీసేదాకా లోపల సంగతి తెలియదు, తెలిశాక చేయగలిగేది ఉండదు. బగారా అన్నం అట్లా కాదు. కూర వేరు, అన్నం వేరు, ఒకటి చెడినా రెండోది నిలబెడుతుంది. పైగా అన్నంలో మాంసం ఉండదు కాబట్టి సార్ కూడా అదే అన్నం తింటారు, ఆయనకు విడిగా వండే పని తప్పుతుంది.

నేను చేసేవి ఐదు: బగారా అన్నం, మటన్ కూర, బగారా బైంగన్, పచ్చి పులుసు, డబుల్ కా మీఠా. గారెలు లేవా అని అమ్మ ఏటా అడుగుతుంది. ఎనిమిది మందికి వేడివేడిగా గారెలు వేయాలంటే వండేవాడు నూనె మూకుడు ముందే ఉండిపోవాలి. అక్క వాళ్లింట్లో చేసి తెస్తే కాదనను.

ఇప్పుడు టైం సంగతి. దసరా సాయంత్రం మావాళ్లంతా గుడి దగ్గర జమ్మికి పోతారు. ఆకు తెచ్చి పెద్దవాళ్ల చేతిలో "బంగారం" పెట్టి కాళ్లు మొక్కి, తోటివాళ్లతో అలాయ్ బలాయ్ అయ్యేసరికి ఏడున్నర. జనం అక్కణ్నుంచి నేరుగా మా ఇంటికే వస్తారు, ఆకలి మీద. వాళ్లు చెప్పులు విడిచాక పొయ్యి మీద కొత్తగా ఎక్కేది అన్నం ఒక్కటే ఉండాలి. రెండో పొయ్యి కూర వేడి చేయడానికి. మిగతావన్నీ సాయంత్రం ఐదులోపు అయిపోవాలి.

మటన్ నుంచి మొదలుపెడదాం. సార్ పోను నలుగురు పెద్దలకు, ముగ్గురు పిల్లలకు కిలోన్నర సరిపోతుంది. ఉత్త మెత్తటి ముక్కలే అడగకండి, పులుసుకు రుచి బొక్కల్లోంచే వస్తుంది. రాన్ (తొడ), సీనా (రొమ్ము), దస్తి (ముందు కాలు) కలిపి కొట్టించి, మూలుగ ఉండే నల్లి బొక్కలు మూడు వేయమని చెప్పండి. యాట చిన్నదైతే ముక్క తొందరగా ఉడుకుతుంది. పండగ పొద్దున ఎనిమిదింటికి పోతే లైన్ గుడి లైన్‌ని మించి ఉంటుంది. ఆరింటికే పోండి.

2025లో ఇంకో చిక్కొచ్చింది. దసరా అక్టోబరు 2న పడింది. గాంధీ జయంతి, మటన్ షాపులు బంద్. ఊరంతా ముందు రోజే షాపుల మీద పడింది. నేను బుధవారం సాయంత్రం తెచ్చి, కడిగి, జల్లెడలో నీళ్లు పూర్తిగా కారనిచ్చి, ఉప్పు, పసుపు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పట్టించి, మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాను. పై అరలో పెడితే నీరు కారి కింద ఉన్న పాల మీద, పెరుగు మీద పడుతుంది. మర్నాడు మధ్యాహ్నం వండాను, కూర మామూలు కంటే బాగా కుదిరింది. అప్పటి నుంచి బంద్ లేకపోయినా ముందు రోజే తెస్తున్నా. ఆ రోజు వైన్ షాపులూ బంద్ కావడంతో బావ దసరా మొత్తం నిమ్మకాయ సోడా మీద నడిచింది, అది వేరే కథ.

మసాలా సామాన్లు వారం ముందే బేగం బజార్‌లో తెచ్చుకుంటాను. కుడుకలు (ఎండు కొబ్బరి చిప్పలు), గసగసాలు, షాజీర, లవంగాలు, చెక్క, యాలకులు. గసగసాలు ధర మండుతుంది, 50 గ్రాములు చాలు.

మధ్యాహ్నం రెండింటికి కూర మొదలు. ఐదు లీటర్ల కుక్కర్‌లో 150 మిల్లీలీటర్ల నూనె, వేడెక్కాక ఆరు లవంగాలు, రెండు అంగుళాల చెక్క, నాలుగు యాలకులు. సన్నగా తరిగిన ఆరు ఉల్లిగడ్డలు బాగా ఎర్రబడాలి. రెండు చెంచాల అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి పచ్చి వాసన పోయాక మటన్ వేయండి.

ఇక్కడే చాలామంది తొందరపడి నీళ్లు పోసి మూత పెట్టేస్తారు. వద్దు. మొదట పెద్ద మంట మీద ఐదు నిమిషాలు, తర్వాత మధ్య మంట మీద మరో ఇరవై నిమిషాలు వేయించాలి. గడియారం కంటే చెవి నమ్మకం. మొదట్లో ముక్కలోంచి నీరు ఊరి బుడబుడమని ఉడుకుతున్న చప్పుడు వస్తుంది. ఆ నీరు తగ్గేకొద్దీ బుడబుడ మెల్లగా సన్నబడి, ఒక దగ్గర చిటపటగా మారుతుంది. గంటె పెట్టి ముక్కలు పక్కకు జరిపితే అడుగున నీళ్లుండవు, నూనె ఒక్కటే మెరుస్తుంది. ముక్క తెల్లదనం పోయి అంచుల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. అమ్మ హాల్లో టీవీ చూస్తూనే "ఆ, ఇప్పుడు కారం వెయ్ బిడ్డా" అని కేక వేస్తుంది. వంటింట్లోకి రాదు, చప్పుడు విని చెబుతుంది.

మంట తగ్గించాకే కారం వేయాలి, లేదంటే మాడి చేదెక్కుతుంది. మూడు పెద్ద చెంచాల కారం, పిల్లలుంటే రెండున్నర. మూడు చెంచాల ధనియాల పొడి, ఉప్పు. మటన్‌కి ముందే ఉప్పు పట్టించిన సంగతి మర్చిపోవద్దు. రెండు నిమిషాలు కలిపి, అర కుడుక, రెండు చెంచాల గసగసాలు దోరగా వేయించి నూరిన ముద్ద వేసి, మూడు గ్లాసుల వేడినీళ్లు పోసి మూత పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి పదిహేను నిమిషాలు. ఆవిరి దానంతటదే పోవాలి. మూత తీశాక ముక్క వేలితో విరగకపోతే ఇంకో రెండు విజిళ్లు. పులుసు కొంచెం పలచగా ఉందనిపించాలి, ఎందుకంటే కొబ్బరి, గసగసాలు రాత్రికి దాన్ని చిక్కబరుస్తాయి. బగారా అన్నం పొడిపొడిగా ఉంటుంది కాబట్టి పులుసు పారాల్సిందే.

బగారా బైంగన్ ముందు రోజు రాత్రే చేసేస్తాను, మర్నాటికి పులుపు ఇంకి రుచి పెరుగుతుంది. అరకిలో చిన్న వంకాయలు, నాలుగు పక్కలా చీల్చి ఉప్పునీళ్లలో వేయాలి. పల్లీలు మూడు చెంచాలు, నువ్వులు రెండు, ఎండు కొబ్బరి రెండు, వేయించిన ఉల్లిగడ్డలు రెండు, అన్నీ మెత్తగా నూరి, నిమ్మకాయంత చింతపండు రసంలో కలపాలి. వంకాయలు నూనెలో మగ్గాక ఈ ముద్ద వేసి, నూనె పైకి తేలేదాకా సన్న మంట మీద ఉంచితే అయిపోయినట్టే. సార్ గిన్నెకు గంటె వేరే పెట్టండి. ఆయన అడగరు, చూసుకుంటారు.

పచ్చి పులుసుకు పొయ్యితో పని లేనట్టే. చింతపండు పిసికి నీళ్లు కలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, మంట మీద కాల్చి నలిపిన పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు, చిటికెడు బెల్లం వేయాలి. సద్దుల బతుకమ్మకు చేసిన నువ్వుల పొడి డబ్బాలో మిగిలే ఉంటుంది, రెండు చెంచాలు అందులో పడితే చాలు.

డబుల్ కా మీఠా మధ్యాహ్నం కూర ఉడికేలోపు అవుతుంది. బ్రెడ్ ముక్కలు నెయ్యిలో ఎర్రగా వేయించి, యాలకులు వేసిన పాకంలో ముంచి, మరిగించిన పాలు పోయడమే. మిఠాయి షాపులో కొన్నా ఎవరూ ఏమీ అనరు.

ఇక అన్నం. బాస్మతి కిలో, అంటే మా గ్లాసుతో ఐదు. ఏడింటికి కడిగి నానబెట్టి, జమ్మికి పోయినవాళ్లు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే పొయ్యి వెలిగిస్తాను. అడుగు మందంగా ఉన్న బగోనెలో నాలుగు చెంచాల నూనె, రెండు చెంచాల నెయ్యి, షాజీర, బగారా ఆకు, లవంగాలు, చెక్క, యాలకులు, మూడు ఉల్లిగడ్డలు, ఐదు చీల్చిన పచ్చిమిరపకాయలు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర. ఏడున్నర గ్లాసుల నీళ్లు పోసి, మరిగాక ఉప్పు వేసి నాలుక మీద వేసుకోండి. కాస్త ఎక్కువైందే అనిపించాలి, బియ్యం పడ్డాక అది సరిపోతుంది. నానిన బియ్యం వంపేసి వేయండి.

గ్లాసుకు గ్లాసున్నర లెక్క నానిన పాత బాస్మతికి మాత్రమే. రెండో ఏడాది ఇంట్లో ఉన్న కొత్త సోనా మసూరికి పాత బియ్యం కొలతే పట్టి గ్లాసుకు రెండు పోశాను, అన్నం సంగటి అయింది. కొత్త బియ్యం నీరు తక్కువ పీలుస్తుంది, ఊరికే ముద్దవుతుంది. బియ్యం కొత్తదని డౌట్ ఉంటే పండగకు రెండు రోజుల ముందు ఒక్క గ్లాసు వండి చూసుకోండి.

నీరు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంతలు పడి అందులోంచి ఆవిరి ఊదుతున్నప్పుడు, బగోనె కింద రొట్టె పెనం పెట్టి, మంట పూర్తిగా తగ్గించి, మూత మీద బరువు పెట్టండి. పదిహేను నిమిషాలు మూత తీయొద్దు. మంట ఆపాక ఇంకో పది నిమిషాలు. ఈలోపు రెండో పొయ్యి మీద కూర వేడెక్కుతుంది, పిల్లలు పాలపిట్ట ఎవరు ముందు చూశారని కొట్లాడుకుంటుంటారు, సార్ ఉల్లిగడ్డలు చక్రాలుగా కోసి నిమ్మకాయ పిండుతుంటారు. ఆ పని ఆయన అడిగి మరీ తీసుకున్నారు, అన్ని ముక్కలూ ఒకే మందంలో వస్తాయి.

అన్నం గంటెతో కలపకండి, మెతుకు విరుగుతుంది. అట్లకాడతో పక్కనుంచి లోపలికి పోనిచ్చి పైకి లేపాలి.

వడ్డించేముందు ఒక పని చేయండి. మూడు నల్లి బొక్కల్లో రెండే గిన్నెలోకి రానివ్వండి. పిల్లలు ముగ్గురు, బొక్కలు రెండు, అది వాళ్ల గొడవ. మూడోది పులుసుతో సహా చిన్న స్టీలు డబ్బాలో తీసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచండి. పొద్దున ఎనిమిదిన్నరకు మా ఇంటామె డ్యూటీ దిగి వస్తుంది. బ్యాగు కింద పెట్టకముందే ఫ్రిజ్ తలుపు తీసి ఆ డబ్బా కోసం వెతుకుతుంది.