తాడులో తన్యత: లెక్క ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

చేదబావి గిరక, బర్రె పలుపు, పెరటి దండెం చూస్తూ పెరిగిన నల్లగొండ, పాలమూరు పల్లెల విద్యార్థులకు తాడు కొత్త వస్తువు కాదు. అయినా ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో గమన నియమాల లెక్కల్లోకి తాడు రాగానే చాలామంది తడబడతారు. తన్యతను, అంటే బిగిసిన తాడు తనకు కట్టిన వస్తువును లాగే బలాన్ని, ముందే తెలిసినదిగా భావించి, సమీకరణం రాయకుండానే దానికి ఒక విలువ ఇచ్చేయడం ఈ తడబాటుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. కింది లెక్కలన్నింటిలో గురుత్వ త్వరణాన్ని 10 మీ/సె²గా తీసుకున్నాను.

సమస్య: వేలాడే వస్తువు బరువునే తన్యతగా రాస్తే జవాబు తప్పుతోంది.

కారణం: తన్యత బరువుకు సమానం కావడం త్వరణం (వేగం మారే రేటు) సున్నా అయిన సందర్భానికి మాత్రమే చెందిన ఫలితం. దాన్ని నియమంగా కంఠస్థం చేయడం వల్ల ఈ తప్పు వస్తుంది. వస్తువు పైకి పోతే తన్యత ఎక్కువ, కిందికి దిగితే తక్కువ అనుకోవడం దీనికి తోడయ్యే రెండో పొరపాటు.

పరిష్కారం: ముందుగా వస్తువును ఒక్కదాన్నే విడిగా గీసి, దానిపై పనిచేసే బలాలను మాత్రమే బాణాలతో గుర్తించాలి. నీళ్లతో కలిపి 10 కిలోలున్న బొక్కెనపై తాడు పైకి, భూమి కిందికి లాగుతాయి. పైకి 2 మీ/సె² త్వరణం ఉంటే తన్యత నుంచి బొక్కెన బరువు 10 × 10 = 100 న్యూటన్లు తీసివేయగా మిగిలేది 10 × 2 కావాలి కనుక తన్యత 120 న్యూటన్లు. అదే త్వరణం కిందికి ఉంటే 80 న్యూటన్లు. బొక్కెన సమవేగంతో పైకి వస్తున్నా, కిందికి దిగుతున్నా తన్యత 100 న్యూటన్లే. అంటే చూడవలసింది వేగం దిశను కాదు, త్వరణం దిశను. బొక్కెనను వేగంగా బావిలోకి వదిలి తాడును ఒక్కసారిగా పట్టి ఆపినప్పుడు, అది కిందికే పోతున్నా దాని త్వరణం పైకి ఉంటుంది, పైగా ఆ త్వరణం చాలా ఎక్కువగా ఉంటుంది. నిదానంగా చేదినంతకాలం నిలిచిన పాత చేంతాడు సరిగ్గా అప్పుడే తెగుతుంది.

సమస్య: కప్పీకి ఇరువైపులా 3 కిలోలు, 2 కిలోలు వేలాడుతుంటే, కప్పీని మోసే కొక్కెంపై బలం 50 న్యూటన్లని వస్తోంది.

కారణం: కదులుతున్న వస్తువుల బరువులను నేరుగా కూడటం. ఆంగ్ల గణితవేత్త జార్జ్ అట్‌వుడ్ 1784లో వివరించిన ఈ యంత్రంలో బరువులు స్వేచ్ఛగా పడేదానికన్నా నెమ్మదిగా, కొలవడానికి వీలైన త్వరణంతో కదులుతాయి.

పరిష్కారం: రెండు వస్తువులకు రెండు సమీకరణాలు రాయాలి. బరువుల తేడా 10 న్యూటన్లను మొత్తం ద్రవ్యరాశి 5 కిలోలతో భాగిస్తే త్వరణం 2 మీ/సె² వస్తుంది. 2 కిలోల వస్తువుకు తన్యత 20 + 4 = 24, 3 కిలోల వస్తువుకు 30 − 6 = 24. రెండూ కలిస్తేనే లెక్క సరైనదని నమ్మాలి. కప్పీ బరువును వదిలేస్తే కొక్కెంపై బలం 48 న్యూటన్లు.

సమస్య: స్ప్రింగ్ త్రాసును రెండు వైపులా 50 న్యూటన్లతో లాగితే 100 చూపాలి కదా?

చూపదు, 50 చూపుతుంది. త్రాసు ఒక కొసను కిటికీ చువ్వకు కట్టి రెండో కొసను 50 న్యూటన్లతో లాగినప్పుడు చువ్వ కూడా 50 న్యూటన్లతో అటువైపు లాగుతూనే ఉంటుంది. ఆ చువ్వ స్థానంలో ఇంకో మనిషి వచ్చాడంతే.

సమస్య: దండెంపై వేసిన బరువు కొద్దిగానే ఉన్నా గోడ మేకు ఊడివస్తోంది, లెక్కలో మాత్రం తన్యత బరువులో సగమే వస్తోంది.

కారణం: తాడు వాలును పట్టించుకోకపోవడం. తాడులోని రెండు సగాలు బరువును చెరిసగం మోస్తాయన్న మాట నిజమే, కానీ ఆ సగం తన్యత మొత్తం కాదు, తన్యతలో నిలువుగా పైకి పనిచేసే అంశం మాత్రమే.

పరిష్కారం: 4 మీటర్ల దూరంలో ఉన్న వేపచెట్టుకూ గోడ మేకుకూ మధ్య బిగించిన దండెం నడుమ, తడిసి 2 కిలోలు తూగే చీరను కుప్పగా వేస్తే, తాడు 10 సెంటీమీటర్లు వంగిందనుకుందాం. క్షితిజ సమాంతర రేఖతో తాడు చేసే కోణం సైన్ విలువ సుమారు 10/200, అంటే 0.05. రెండు సగాల నిలువు అంశాలు కలిసి 20 న్యూటన్లు కావాలంటే 2 × తన్యత × 0.05 = 20, కనుక తన్యత 200 న్యూటన్లు, చీర బరువుకు పది రెట్లు! తాడును వదులుచేసి నడుమ 50 సెంటీమీటర్లు వంగనిస్తే అదే చీరకు తన్యత దాదాపు 41 న్యూటన్లకు దిగుతుంది. నడుమ బరువున్న తాడును బొత్తిగా వంగకుండా లాగడం ఎంత బలంతోనూ సాధ్యం కాదు, ఎందుకంటే కోణం సున్నా అయితే పైకి లాగే అంశమే ఉండదు.

సమస్య: తాడు పొడవునా తన్యత ఒకటేనని తీసుకున్నాక జవాబు కలవడం లేదు.

కారణం: తాడుకు బరువు లేదు, కప్పీ నునుపైనది, దానికి ద్రవ్యరాశి లేదు అన్న షరతులు ప్రశ్నలో లేని చోట కూడా ఉన్నట్టే భావించడం. మీటరుకు 0.2 కిలోలు తూగే 20 మీటర్ల చేంతాడు బరువే 40 న్యూటన్లు. పై బొక్కెన కదలకుండా వేలాడుతున్నప్పుడు తన్యత దాని దగ్గర 100, గిరక దగ్గర 140. ఘర్షణ తెచ్చే తేడా ఇంకా పెద్దది. పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొసను పట్టుకున్నవారు బర్రెను సులువుగా ఆపగలరు, ఎందుకంటే ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే బర్రె వైపు తన్యత చేతి వైపు తన్యతకు 43 రెట్ల వరకు ఉన్నా తాడు జారదు.

పరిష్కారం: లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నలో ఆ షరతులు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కప్పీకి ఘర్షణ గానీ ద్రవ్యరాశి గానీ ఇచ్చి ఉంటే దానికి ఇరువైపులా రెండు వేర్వేరు తన్యతలు రాసుకోవాలి. తాడుకు బరువు ఇచ్చి ఉంటే తన్యత ఏ బిందువు దగ్గర అడిగారో గుర్తించి, దాని కింద వేలాడే తాడు ముక్కను కూడా వస్తువుతో కలిపి గీయాలి.