గుర్రప్పిల్ల కరిచే అలవాటు మానాలంటే

విజయనగరం వైపు పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు పెంచేవాళ్ల ఇంట్లో పిల్ల పుడితే ఇంటిల్లిపాదికీ అదే కాలక్షేపం. ముద్దు చెయ్యండి గానీ, చేత్తో బెల్లంముక్క పెట్టకండి. పుట్టిన వారం పది రోజుల్లోనే ముందుపళ్లు వస్తాయి, ఏది కనిపిస్తే అది కొరుకుతుంది. చెయ్యి కనిపిస్తే తిండి అనుకోవడం మొదలెట్టిందా, ఇక జేబులు వెతకడం, చొక్కా లాగడం, ఆపైన కరవడం. ఊరేగింపులో చుట్టూ మూగేది పిల్లలే కదా! బెల్లమైనా ఉలవలైనా తొట్టిలోనే వెయ్యండి.

కరవబోతే మూతి మీద కొట్టకండి. కొడితే ఆటనుకుని మళ్లీ వస్తుంది, లేదంటే చెయ్యెత్తితే చాలు బెదిరిపోయే గుర్రం అవుతుంది. మీదికొస్తే రొమ్ము మీద వేళ్లు ఆనించి నెట్టండి. ఒక్క అడుగు వెనక్కి వేసిన క్షణమే చెయ్యి తీసెయ్యాలి. ఆలస్యమైతే ఎందుకు తీశారో దానికి అర్థం కాదు. తర్వాత మూపు మీద గోకండి. పై పెదవి సాగదీసి వణికిస్తుంది చూడండి, దానికి వేరే లంచం అక్కర్లేదు.

కాళ్లెత్తడం కూడా ఇప్పుడే. భుజం నుంచి కిందికి నిమురుతూ వెళ్లి గిట్ట ఎత్తి, అది గుంజుకోకముందే మీరే దించండి. రోజూ ఐదు నిమిషాలు చాలు. రేపు నాడాలు కొట్టే అతను మిమ్మల్ని తిట్టుకోడు.

ఇదంతా తల్లి పక్కన ఉండగానే చెయ్యండి. తలకి తాడు వేస్తే పనవగానే తీసెయ్యండి, దేనికైనా తగులుకుంటే మెడకి ప్రమాదం.